ఐదున్నర కాదు, పదకొండు బై రెండు

మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా ఏ వీధిలో తలెత్తి చూసినా ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అన్న బోర్డు కనబడుతుంది. పునాది అన్నారు గదా అని తొంగి చూస్తే లోపల మిశ్రమ భిన్నాల తీసివేత నడుస్తోంది. హారంతో గుణించు, లవం కలుపు, క.సా.గు. పట్టు, తీసెయ్యి, మళ్లీ మిశ్రమ భిన్నం చెయ్యి. దీని పేరు కాన్సెప్ట్ బేస్డ్ లెర్నింగ్. కాన్సెప్ట్ ఏదని అడక్కండి, అది వచ్చే ఏడాది ఫీజులో ఉంటుంది.

ఈ విద్యకు డబ్బు కట్టే తల్లిదండ్రుల సంగతి చూద్దాం. పగలు సైబర్ టవర్స్ చుట్టుపక్కల, రాత్రి న్యూయార్క్ క్లయింటుతో కాల్. చలికాలంలో మనకూ వాళ్లకూ పదిన్నర గంటల తేడా. మనకి రాత్రి తొమ్మిదింపావు, అంటే ఇరవై ఒకటింపావు. పది తీస్తే పదకొండుంపావు, ఇంకో అర పోతే పావు తక్కువ పదకొండు. లిఫ్టు కిందికి దిగేలోపు లెక్క తేలిపోతుంది. కాగితం తీసిన డెవలపర్ని నేనింకా చూడలేదు.

అదే లెక్క ఇంట్లో పిల్ల చేస్తే ఎనభై ఐదు బై నాలుగు, మైనస్ ఇరవై ఒకటి బై రెండు, క.సా.గు. నాలుగు, జవాబు నలభై మూడు బై నాలుగు. "అంటే అక్కడ ఎంతయిందమ్మా?" అని అడిగితే, "అది వేరే చాప్టర్ డాడీ" అంటుంది. నలభై మూడు బై నాలుగు గంటలకు న్యూయార్క్‌లో ఫోనెత్తేదెవరో!

పావులోంచి అర పోదు కాబట్టి పూర్ణాంకంలోంచి ఒకటి తెచ్చి నాలుగు పావులుగా విడగొట్టాలి. పాఠమంతా ఆ ఒక్క మెట్టు మీదే ఉంది. అది అర్థం కాని పిల్లలు పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి పదకొండుంపావు అని రాస్తారు. కాలు జారుతోందని మన సెంటర్లు ఏకంగా మెట్లే పీకేశాయి. గుణకారానికీ భాగహారానికీ అపక్రమ భిన్నం అక్కరకొస్తుంది, కాదనను. కూడికకూ తీసివేతకూ ప్రతిసారీ ఆ వేషం ఎందుకు?

మన గడియారమే మిశ్రమ భిన్నం మీద నడుస్తోంది. కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం మనకు ప్రామాణికం. గంటకు పదిహేను డిగ్రీలు. డెబ్బై ఐదుకు ఐదు గంటలు, మిగతా ఏడున్నరకు అర. గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర ముందున్నాం. నేపాల్ ఐదు ముప్పావు ముందుంది, మనకంటే పావు ఎక్కువ. ఇదంతా సంచి మోసే పిల్లకు చెప్పొచ్చు, కానీ అందులో ర్యాంకు లేదు. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన ఇవాళ గచ్చిబౌలిలో ఉద్యోగానికొస్తే డెమో క్లాసులోనే వెనక్కి పంపేవారు, షార్ట్‌కట్లు తెలియవని.

ఇంత నియమనిష్ఠలున్న సెంటర్లో ఫీజు కౌంటరు మాత్రం వేరే సిలబస్. లక్షన్నర ఫీజు, ముందే చేరితే పావు లక్ష తగ్గింపు అనుకోండి. అక్కడి అమ్మాయి హారాలు సమానం చెయ్యదు, క.సా.గు. పట్టదు. "లక్షా పాతిక సార్, కార్డా, యూపీఐయా?" అంటుంది. ఐదు బై నాలుగు లక్షలని రసీదు రాసిన సెంటరు ఇంతవరకూ లేదు.