ఆరు కొమ్ముల దేవర

దేవతలకు చేతుల లెక్కనుబట్టి మహిమను నిర్ణయించుట మనకు పూర్వులనుండి సంక్రమించిన అలవాటు కాబోలు, కానిచో, ఇంటింట ఇంటర్నెట్టు వెలసిన ఈ కాలమున వైఫై పెట్టె కొనబోవు గృహస్థుడు, తన ఇంటికి వచ్చు తీగ యెట్టిదో, నెలనెలా తాను ఎంత వేగమునకు రొక్కము చెల్లించుచున్నాడో, తన గోడల మందమెంతయో ఒక్కనాడైనను విచారింపక, దుకాణము మెట్లమీద నిలిచి "యాంటెనాలెన్ని?" అను ఒక్క ప్రశ్నతో సర్వమును తేల్చుకొనుట యెట్లు సంభవించును? నాలుగు కొమ్ములది గ్రామదేవత. ఆరు కొమ్ములది మహాదేవత. ఎనిమిది కొమ్ములది మనవంటివారు దూరమునుండి దండము పెట్టి తరలిపోవలసిన దేవత.

మా బావమరిది ఈ సంప్రదాయమున భక్తాగ్రేసరుడు. మల్కాజిగిరిలోని అతని ఇంటికి ఫైబరు తీగ వచ్చి రెండేండ్లయినది. అతడు కట్టించుకొన్నది సెకనుకు 40 మెగాబిట్ల పథకము. తీగతోపాటు ఉచితముగా వచ్చిన చిన్న తెల్లపెట్టె, కేబులబ్బాయి బాల్కనీ గోడకు ఎచట రంధ్రము చేసెనో అచటనే, అనగా ముందుగది మూలలో ఇనుప బీరువా వెనుక, మేకుకు వ్రేలాడుచుండెను. సాయంకాలము వెనుకగదిలో మా అత్తగారు ఫోనులో ప్రవచనము వినుచుండగా, పండితులవారు "కావున నాయనలారా" అని తెరచిన నోరు తెరచినట్లే నిలిచిపోవుటయు, తెరమీద ఒక చక్రము గిరగిర తిరుగుటయు నిత్యకృత్యమైనది. "వేదాంతం విందామంటే ఈ చక్రమేమిట్రా నాయనా, భవచక్రమా?" అని ఆమె వాపోయెను. కుమారుని హృదయము ద్రవించెను. నన్ను వెంటబెట్టుకొని సికిందరాబాదు పార్కు లేనునకు బయలుదేరెను.

దుకాణదారు ముందుగా తీసిన అట్టపెట్టెపై 'మోడెం రౌటర్' అని వ్రాసియుండెను. "రెండూ ఇందులోనే ఉన్నాయి సార్, రెంటికీ కలిపి ఒకటే రేటు" అని అతడనగానే బావమరిది చేయి జేబులోనికి పోయెను. ఒకటి కొన్న మరియొకటి ఊరక వచ్చునను మాటకు చలింపని తెలుగువాడు ఇంకను పుట్టవలసియున్నాడు. నేను అడ్డుపడితిని. మోడెమనగా మాడ్యులేటరు, డిమాడ్యులేటరు అను రెండు మాటల తలలను కలిపి కుట్టిన పేరు. టెలిఫోను రాగితీగ వెంట వచ్చు సంకేతమును కంప్యూటరు భాషలోనికి, ఆ భాషను మరల సంకేతములోనికి మార్చు దుబాసి అది. రౌటరు ఇంటిలోని టపా జవాను; ఏ గదిలోని ఏ ఫోను దేనిని కోరెనో దానిని ఆ ఫోనుకే చేర్చువాడు. రాగితీగ దుబాసికి గాజుతీగ భాష రాదు. వెలుతురు రూపమున వచ్చు ఆ వార్తను చదువుటకు ఓఎన్‌టీ అను వేరొక దుబాసి కావలెను. ఆయన తెల్లపెట్టె వేషమున, వైఫై టపా పనియు తానే చూచుకొనుచు, జీతము లేకుండ బీరువా వెనుక కూర్చుండియే యున్నాడు. ఉర్దూ దస్తావేజు చదివించుకొనుటకు అరవ మునిషీని కుదుర్చుకొనుట దేనికని అడిగితిని.

అంతట దుకాణదారు ఏమాత్రము చిన్నబోక, లోపలినుండి నల్లని పెట్టెనొకదానిని రెండు చేతులతోను తెచ్చెను. అట్టమీద బొమ్మలో ఆరు కొమ్ములు నిక్కబొడుచుకొని యుండెను. ప్రక్కన 'ఏసీ 1200' అని పసిడి అంకెలు. ఈ 1200 జన్మవృత్తాంతము ఆలకింపదగినది. పెట్టెకు రెండు బ్యాండులు: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండున వేగపరిమితి 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండున 867. రెంటిని కూడిన 1167 అగును. తక్కిన 33 ఎచటివని అడిగినవాడు లేడు. ముప్పదిమూడు కోట్ల దేవతలు కోటికొకటి చొప్పున అనుగ్రహించిరని ఊరడిల్లవలెను. పోనిండు, ఆ కూడికయైనను న్యాయమైనదా? మన ఫోను ఈ పెట్టెతో ఒకసారికి ఒక్క బ్యాండుమీదనే మాటలాడును. బస్సు గంటకు 40 మైళ్లు, రైలు 60 మైళ్లు పోవును గనుక మా ఊరి ప్రయాణికుడు 100 మైళ్ల వేగమున ఇల్లు చేరునని టికెట్టు అమ్మిన గుమాస్తాను మనము ఊరక విడిచెదమా?

అట్ట అడుగున, చీమ తలకాయలంత అక్షరములలో, మరియొక సత్యము దాగియుండెను: బయటి తీగను గ్రుచ్చు రంధ్రము శక్తి 100 మెగాబిట్లు. అనగా కొళాయి 40, గొట్టము 100, గంగాళముపై చెక్కిన అంకె 1200. గంగాళము పెద్దదైనంతమాత్రమున మునిసిపాలిటీవారు నీరెక్కువ వదలుదురా? 2004లో 256 కిలోబిట్లనే బ్రాడ్‌బ్యాండని పిలిచిన ప్రభుత్వము, 2023లో మిక్కిలి ఔదార్యముతో దానిని 2 మెగాబిట్లకు పెంచినది. ఆ సర్కారు మాటకు ఆరువందల రెట్లు ఈ అట్టపెట్టె మాట.

ఇక కొమ్ములు. ఈ తరగతి పెట్టె ఒక్కొక్క బ్యాండున రెండేసి ధారలను మాత్రమే నడుపును. నాలుగు కొమ్ములతో పని తీరిపోవును. మిగిలిన రెండును ఊరేగింపున గొడుగు పట్టువారివంటివి. కొమ్ములెన్ని యున్నను, గాలిలోనికి వదలు శక్తికి చట్టము మేర విధించియే యున్నది. అంతకుమించి, వైఫై యనునది హరికథ కాదు, సంభాషణము: భాగవతారు ఎంత గొంతెత్తి పాడినను, వెనుకగదిలోని ఫోను తన సన్నని గొంతుతో ఇచ్చు బదులు ఇటు వినబడనిచో మాట సాగదు.

ఇదంతయు విన్నవించితిని. బావమరిది ఓర్పుతో విని, "అదంతా నిజమే బావగారూ, కానీ ఆరున్నాయి కదా!" అని రొక్కము చెల్లించెను. నాటి రాత్రియే ఆ దేవర అదే మూలలో, అదే ఇనుప బీరువా నెత్తిమీద ప్రతిష్ఠితమయ్యెను. దాని ముందు నిలిచి వేగపరీక్ష చేయగా 40 వచ్చెను. "నిండుగా నలభై!" అని అతడు పొంగిపోయెను, తెల్లపెట్టె ముందు నిలిచినను అంతియే వచ్చునని చెప్పి శుభవేళ అపశకునము పలుకుట నాకు ఇష్టము లేకపోయెను. బీరువా ఇనుపరేకు తరంగములను వెనుకకు కొట్టుచుండెను. రెండు ఇటుకగోడలు మిగిలినవానిని మ్రింగుచుండెను. వంటింటి మైక్రోవేవు, తానును 2.4 గిగాహెర్ట్జ్ కులమునకే చెందినది గనుక, పని చేసినప్పుడెల్ల నడుమ గోల పెట్టుచుండెను. ప్రసారమున సగము బాల్కనీ మీదుగా పావురములకు నివేదితమగుచుండెను. వెనుకగదిలో భవచక్రము యథాపూర్వముగా తిరుగుచుండెను.

పెద్ద ఇల్లు కట్టుకొని 300 మెగాబిట్ల పథకము పెట్టించుకొన్నవారు గిగాబిట్ రంధ్రములు గల మంచి పెట్టెను కొనుటలో తప్పు లేదు. మేడమీదికి లాన్ తీగ లాగి రెండవ పెట్టె నిలుపుటయు వివేకమే. నా ఆక్షేపణ పెట్టెమీద కాదు. నడి ఇంట మేకు కొట్టుటకు పది నిమిషములు వెచ్చింపని మనుష్యుడు, ఆ సోమరితనమునకు ప్రాయశ్చిత్తముగా కొమ్మునకింతయని దక్షిణ చెల్లించి, తన ధర్మము తీరినదని నిద్రించుటమీద.

దసరాకు ఇంటికి సున్నము వేయించిరి. బీరువాను జరిపిరి; గోడ ఖాళీ చేయవలసి వచ్చుటచే కేబులబ్బాయి పొడవైన తీగ వేసి తెల్లపెట్టెను హాలు నడుమ, తలుపు పైన తగిలించెను. పండుగనాడు మేము వెళ్లునప్పటికి అత్తగారు వెనుకగదిలో ప్రవచనము వినుచుండిరి; పండితులవారు "కావున నాయనలారా" అని, ఆగక, తరువాతి వాక్యము కూడ చెప్పిరి. "చక్రం పోయిందిరా!" అని ఆమె మురిసిపోయెను. "ఆరు యాంటెనాలంటే ఏమనుకున్నారు బావగారూ!" అని బావమరిది నా భుజము తట్టెను. నేను తలయెత్తి అటకవైపు చూచితిని. సున్నపు చుక్కలు పడకుండ అత్తగారు పాతచీరలో మూటగట్టి దాచిన దేవర అచటనే యుండెను. మూటలోనుండి ఒక్క కొమ్ము మాత్రము బయటికి పొడుచుకొని, మమ్ములనందరను దీవించుచున్నట్లుండెను.