స్తంభమెక్కిన ట్రాక్టరు

ఆస్ట్రేలియా వెళ్లొచ్చానంటే చాలు, మీ కుర్రకారంతా ఒకటే అడుగుతారు, ఆపెరా హౌస్ చూశారా అని. చూళ్లేదురా నాయనా. నేను చూసింది వెంట్‌వర్త్. ఉండండుండండి, ఫోన్లో వెతక్కండి, నేను చెబుతున్నాగా! మర్రీ నదిలో డార్లింగ్ నది వచ్చి కలిసేచోట, న్యూ సౌత్ వేల్స్‌కి నైరుతి మూలన ఉన్న చిన్న ఊరు. మెల్‌బోర్న్‌లో ఉండే మా అబ్బాయి కారులో తీసుకెళ్లాడు. పొద్దున బయల్దేరితే చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా చేలే తప్ప మనిషన్నవాడు కనబడితే ఒట్టు. మా రోజుల్లో అంత దూరం ప్రయాణమంటే పులిహోర మూట కట్టుకుని, ఏ చెట్టు కిందో ఆగి, చేతులు కడుక్కుని తినేవాళ్లం. వీడు పెట్రోలు బంకులో ఇంత రొట్టెముక్క చేతిలో పెట్టి, కానివ్వండి నాన్నా అన్నాడు.

నదీసంగమం అంటున్నారు కదా, మెట్లూ గుడీ, పిండప్రదానాలకి ఓ పంతులుగారూ ఉంటారనుకున్నాను. గడ్డి, పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు, ఎక్కి చూడ్డానికో మంచె. అంతే. నెత్తిన నాలుగు నీళ్లు చల్లుకుందామని వంగితే మనవడు వెనకనుంచి చొక్కా పట్టుకున్నాడు, జారతావు తాతయ్యా అని. గోదావరిలో ఈతకొట్టిన వాణ్ణి!

1853లో మొదటి స్టీమర్లు మర్రీ నది మీద పైకొచ్చాయి. ఆ తర్వాత వెంట్‌వర్త్ పెద్ద రేవు. గొర్రెల ఉన్ని బేళ్లు దిగేవి, పిండీ పంచదారా ఎక్కేవి, బాయిలర్లలోకి కట్టెలు పోయేవి. డార్లింగ్‌లో నీళ్లు తగ్గాయంటే స్టీమరు ఉన్నచోటే నెలల తరబడి కూలబడేది. ఎక్కడో పైన వాన పడి నీరొస్తే కదిలేది. ప్రయాణమంటే అదిరా! మీకు బండి పావుగంట ఆలస్యమైతే రైల్వే మంత్రి రాజీనామా చెయ్యాలి. మా చిన్నతనంలో కోటిపల్లి రేవులో పంటు కోసం కూచుంటే, అవతల ముక్తేశ్వరం నుంచి అది ఎప్పుడొస్తే అప్పుడే. ఆలోగా రెండు పెళ్లి సంబంధాలు కుదిరేవి, ఓ గట్టు తగాదా తేలేది. నాకు మాత్రం ఆకలేసి ఏడుపొచ్చేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ స్టీమర్ల పొట్ట కొట్టిందెవరయ్యా అంటే రైలు. పక్కనున్న మిల్డురాకి 1903లో రైలొచ్చింది, సరుకంతా అటు మళ్లింది. బొగ్గింజను పోయినప్పట్నుంచీ లోకం పాడైపోయిందని నేను పాతికేళ్లుగా ఇంటిల్లిపాదికీ చెబుతున్నాను. అందుకని అక్కడ ఆ విషయం మరీ తవ్వలేదు. 1929లో కట్టిన పదో నంబరు లాకు దగ్గరికి తీసుకెళ్తే హాయనిపించింది. ధవళేశ్వరం లాకుల పక్కన తిరిగినవాణ్ణి, నాకెవడూ విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా మా అబ్బాయి చెప్పాడు, ఫోన్లో చూసి.

1881 నాటి జైలు కూడా ఉందక్కడ, ఇటుకా రాయీ, ఇంతింత గోడలు. ఖైదీలు పోయాక పక్కనున్న బడివాళ్లు కొన్నాళ్లు దాన్ని వాడుకున్నారట. మా మేష్టార్లకి ఈ కబురు తెలియలేదు గానీ, తెలిస్తే మా బడి కూడా అలాగే కట్టించేవారు.

దగ్గర్లో ముంగో అనే ఎండిపోయిన సరస్సు ఉంది. సుమారు 40,000 ఏళ్ల కిందటి మనుషుల అవశేషాలు దొరికాయక్కడ. డార్లింగ్‌ని బార్కింజీలు బాకా అంటారు, అనాదిగా ఈ నేల వాళ్లది. వాళ్ల ముసలాళ్లు “మా రోజుల్లో” అన్నారంటే నాలాంటివాళ్లు నోరుమూసుకుని వినాల్సిందే.

ఇక అసలు సంగతి. నది పక్కన ఓ స్తంభం, దాని మీద బుల్లి ట్రాక్టరు! 1956లో రెండు నదులూ ఒక్కసారి పొంగితే, ఊరివాళ్లు బూడిదరంగు ఫెర్గూసన్ ట్రాక్టర్లతో మట్టి తోసి చుట్టూ గట్లు పోసుకున్నారు. ఊరు మిగిలింది. ఆ కృతజ్ఞత ఇది. మన మాసీ ఫెర్గూసన్ వంశంలోదే, పెద్దన్న అనుకోండి. మా ఊళ్లోకి మొదటి ట్రాక్టరొచ్చినప్పుడు మా నాన్న అరుగు మీద కూచుని, పేడెయ్యనిది పశువేంట్రా, వ్యవసాయం ముగిసిపోయింది అని వారం రోజులు సణిగాడు. నేను పడీపడీ నవ్వాను. ఇప్పుడదే ట్రాక్టరు ముందు నిలబడి, ఆహా, ఎంత గట్టి యంత్రాలు చేసేవారురా పూర్వం అంటున్నాను.

“మా తరానికి డ్రోనుని పెడతారేమో తాతయ్యా,” అన్నాడు మనవడు.

నోర్ముయ్ అన్నాను. డ్రోనుకి స్తంభమేంటి, ఎలాగూ పైనే ఉంటుందిగా!

వీధులు నిశ్శబ్దంగా ఉన్నాయి. హారన్ లేదు, మైకు లేదు. నాకు కావలసిన ఊరు ఇదీ, ఇలా ఉండాలి అని మా వాళ్లకి ఉపన్యాసమిస్తూ టీ కోసం బయల్దేరాను. అన్నీ మూసేశారు. ఇంకా పొద్దైనా గుంకలేదు! అదే మన రావులపాలెం సెంటర్లో అయితే అర్ధరాత్రి లేపినా గ్లాసుడు టీ పోస్తారు.