ఆప్షన్ ఆన్‌లోనే ఉంది

కెర్నల్ అడ్రసుల విషయంలో మా సీనియర్‌గారికున్నంత పట్టింపు టీమ్‌లో ఇంకెవరికీ లేదు. ఎవరైనా కోడ్‌లో అసలు అడ్రసు అచ్చువేసే 'పర్సెంట్ పీఎక్స్' వాడితే ఆ రివ్యూ అక్కడే ఆగేది. "ఇది బయటికి కనబడాల్సిన అంకె కాదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపేవారు.

ఆ పట్టింపు న్యాయమైనదే. 2014లో లినక్స్ 3.14తో, ఎక్స్86 మెషీన్లలో బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్ మెమరీలో వేరే చోట కూర్చునే ఏర్పాటు వచ్చింది. 64 బిట్ల మెషీన్‌లో కోడ్‌కి దొరికే జాగా 1 జీబీ, మామూలుగా జరిగేది 2 ఎంబీ అంగల్లో. అంటే మొత్తం కలిపినా దాదాపు 500 చోట్లే. పైగా కోడ్ అంతా ఒకే దిమ్మగా జరుగుతుంది. ఒక్క ఫంక్షన్ అడ్రసు బయటపడితే మిగతావన్నీ కూడికలూ తీసివేతలే. డేటా అడ్రసు బయటపడినా ముప్పు చిన్నదేం కాదు. లోపం ఒకటి దొరికినవాడికి ఎక్కడ రాయాలో గురి కూడా దొరికినట్టే.

అందుకే 2018 జనవరిలో వచ్చిన 4.15లో టోబిన్ హార్డింగ్ చేసిన మార్పంటే నాకు చాలా గౌరవం. అప్పటికి కెర్నల్‌లో సుమారు 14,000 చోట్ల మామూలు 'పర్సెంట్ పీ'తో అడ్రసులు అచ్చవుతున్నాయి. ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోకుండా, పర్సెంట్ పీ అంటేనే హ్యాష్ చేసి చూపించేలా మార్చేశారు. 64 బిట్ల మెషీన్‌లో ముందు సగం సున్నాలు, తర్వాత 8 అంకెల హ్యాష్. ఆ బూట్‌లో ఒకే అడ్రసుకి ఎప్పుడూ ఒకే హ్యాష్. రీబూట్ అయితే అన్నీ మారిపోతాయి.

ఒకసారి మాకొచ్చిన కేసు ఒక కస్టమర్ సర్వర్‌ది. నడుస్తూ నడుస్తూ ఒక లిస్ట్ చెడిపోయిందని కెర్నల్ వార్నింగ్ ఇస్తుంది, మళ్లీ మామూలుగా నడుస్తుంది. రీబూట్ చేయడానికి కస్టమర్ ససేమిరా అన్నాడు. అనుమానం నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మీద. ఆ డ్రైవర్ వేరే కంపెనీది, సోర్స్ వాళ్ల దగ్గరే ఉంది.

కేసు చూస్తున్నది కొత్తగా చేరిన అమ్మాయి. మెమరీ తీసుకునే కేమాలాక్, వదిలే కేఫ్రీ ఈవెంట్లు ట్రేస్ చేసింది. ఏ ఫంక్షన్ ఎంత మెమరీ తీసుకుంది, ఎప్పుడు వదిలింది, అన్నీ వచ్చాయి. అడ్రసు ఉండాల్సిన చోట మాత్రం సున్నాలూ హ్యాషూ.

"సార్, ఒక్కసారి హ్యాష్-పీటీఆర్ ఆపనివ్వండి" అని అడిగింది. ట్రేసింగ్‌లో అదొక ఆప్షన్. డీఫాల్ట్‌గా 1 ఉంటుంది, సున్నా చేస్తే అసలు అడ్రసులు కనబడతాయి.

"ఎందుకమ్మా? ఒకే అడ్రసుకి ఒకే హ్యాష్ కదా. ఎక్కడ తీసుకున్నారో, ఎక్కడ వదిలారో జత కలుస్తుందిగా?"

"జత కలుస్తోంది సార్. పక్కన ఎవరున్నారో తెలియట్లేదు. ఎవరో తమ హద్దు దాటి పక్కదాంట్లో రాస్తున్నారు. ఇంటి నంబర్లన్నీ చెరిపేసి, ఎవరి గోడ ఎవరికి ఆనుకుని ఉందో చెప్పమంటే ఎలా?"

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. హ్యాష్ చేస్తే ఒకటేనా కాదా అన్నది మిగులుతుంది. దూరం, పొరుగు పోతాయి. మెమరీ చెడిపోయే బగ్‌లలో సగం పని పొరుగు తెలుసుకోవడమే.

ఆయన ఒప్పుకోలేదు. "నడుస్తున్న మెషీన్ అమ్మా. ఆ అడ్రసులు ఇవాళ బతికున్నాయి. రీబూట్ అయ్యేదాకా బతికే ఉంటాయి. మన గడప దాటి ఒక్కటి కూడా వెళ్లకూడదు."

తర్వాతి రోజుల్లోనూ అడుగుతూనే ఉంది. ఆయన జవాబు మారలేదు. చివరికి ట్రేస్‌ని డ్రైవర్ కంపెనీకే పంపుదామని తేల్చారు. పంపే పద్ధతి కూడా ఆయనే పెట్టారు. వార్నింగ్ లాగ్‌లో రిజిస్టర్లు అసలు విలువలతోనే అచ్చవుతాయి, హ్యాష్ కావు. వాటన్నిటినీ కొట్టేయించారు. సర్వర్‌లో హ్యాష్-పీటీఆర్ 1గా ఉందో లేదో స్క్రీన్ షేర్‌లో చూశారు. ట్రేస్ ఫైలు తెరిపించి, పేజీల కొద్దీ కిందికి దింపించి, ఎక్కడా అసలు అడ్రసు లేదని రూఢి చేసుకున్నారు. అప్పుడు ట్రేస్-సీఎండీ అనే టూల్‌తో రికార్డు చేయించి, ట్రేస్.డ్యాట్ ఫైలుని టికెట్‌కి తగిలించమన్నారు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనుషుల్ని నేను అరుదుగా చూశాను.

మర్నాడు ఉదయానికే జవాబు వచ్చింది. బగ్ దొరికిందట. తమ డ్రైవర్ తీసుకున్న 256 బైట్ల ముక్క ఎక్కడ ముగుస్తోందో, చెడిపోయిన లిస్ట్ ముక్క సరిగ్గా అక్కడే మొదలవుతోందట. ప్యాచ్ జతచేశారు. రుజువుగా ట్రేస్‌లోంచి రెండు వరసలు తీసి పెట్టారు. రెండు అడ్రసులూ నాలుగు ఎఫ్‌లతో మొదలయ్యాయి. కింద ఒక వాక్యం: "అడ్రసులు దాచకుండా పంపినందుకు ప్రత్యేక ధన్యవాదాలు. చాలామంది పంపరు."

ఆయన నేరుగా ఆ అమ్మాయి సీటు దగ్గరికి వచ్చారు. "ఆప్షన్ ఎప్పుడు తీశావు?"

"తీయలేదు సార్." సర్వర్‌లో చూపించింది. హ్యాష్-పీటీఆర్ 1గానే ఉంది. తన దగ్గరున్న ట్రేస్.డ్యాట్ కాపీ మీద ట్రేస్-సీఎండీ రిపోర్ట్ నడిపింది. ప్రతి వరసలోనూ అసలు అడ్రసే. ఇన్నాళ్లూ తను బతిమాలిన అడ్రసులన్నీ నిన్నటి నుంచి తన డెస్క్ మీదే ఉన్నాయి.

ఆ ఆప్షన్ పనిచేసేది అచ్చువేసేటప్పుడు మాత్రమే. రింగ్ బఫర్‌లోకి అడ్రసు అడ్రసుగానే వెళ్తుంది. ట్రేస్ ఫైలుని మనం చదివినప్పుడు, అక్షరాలుగా మారే క్షణంలో హ్యాష్ అవుతుంది. ట్రేస్-సీఎండీ ఆ ఫైలు జోలికే వెళ్లదు. ఒక్కో సీపీయూకి ఉండే ట్రేస్_పైప్_రా నుంచి బైట్లని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి డిస్క్ మీద రాస్తుంది. ఇది లోపం కాదు, రూట్ తప్ప ఎవరూ చదవలేరు కదా అంటారు కెర్నల్ డెవలపర్లు. మెషీన్ లోపల ఆ మాట నిజమే. ఫైలు మెషీన్ దాటాక ఏ రూట్ కాపలా ఉండదు.

ఆయన టికెట్ తెరిచి ఎవరెవరికి యాక్సెస్ ఉందో చూశారు. మేము, డ్రైవర్ కంపెనీ, కస్టమర్, వాళ్ల హోస్టింగ్ సంస్థ. ఫైలుని అప్పటికే చాలామంది డౌన్‌లోడ్ చేసుకున్నారు.

కస్టమర్‌కి ఫోన్ చేసి వెంటనే రీబూట్ చేయమని అడిగారు. బగ్ దొరికింది కదా, వచ్చే త్రైమాసికం మెయింటెనెన్స్‌లో ప్యాచ్‌తో పాటే చేసుకుంటామన్నాడు కస్టమర్.