అపహ్నుతికి కొత్త ఉదాహరణ

పాకీ పని వల్ల దేశంలో ఎవరూ చనిపోయినట్టు నివేదికలు లేవని 2021 జూలైలో ఓ బుధవారం రాజ్యసభలో కేంద్ర సహాయమంత్రి రాందాస్ అథవాలే సెలవిచ్చారు. సభలో ప్రాసలు కట్టి నవ్వించడంలో ఆయన దిట్ట అని తెలుసు గానీ, అలంకారశాస్త్రంలో ఇంత లోతుందని ఊహించలేదు.

అపహ్నుతి అని ఒకటుంది. ఉన్నదాన్ని కాదని, దానిమీద ఇంకోదాన్ని అంటగట్టడం. చంద్రుణ్ణి చూపించి, అబ్బే చంద్రుడు కాదు, వెన్నముద్ద అనడం. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో దీన్ని ఆరు రకాలు చేశాడు. పాపం, పార్లమెంటు చూళ్లేదు గనక ఆరుతో ఆగాడు.

మొదటిది శుద్ధాపహ్నుతి. (శుద్ధి పనికి ఇంతకన్నా సరిపోయే పేరుండదు.) మురుగులో దిగి చచ్చినవాణ్ణి చూపిస్తే, ఇది పాకీ పని కాదు, ‘ప్రమాదకర శుభ్రత’ అంటారు. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టంలో రెండింటికీ వేర్వేరు నిర్వచనాలున్నాయి మరి! మలం అదే, మనిషీ అదే, పద్దు వేరు. రెండోది హేత్వపహ్నుతి, కారణం చూపించి కాదనడం. దానికి వారం ముందే అదే సభలో, కరోనా రెండో అలలో ఆక్సిజన్ అందక ఎవరూ పోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని ప్రభుత్వం అంది. నివేదించలేదు కాబట్టి పోలేదు. భ్రాంతాపహ్నుతి మరీ సొగసు. ‘మా ఆయన పాకీ పనిలో పోయాడండీ’ అని ఏడ్చే ఆవిడతో, అది నీ భ్రమ తల్లీ అనడం. మిగతా మూడూ వచ్చే సమావేశాలకు దాచుకున్నారేమో.

ఆ మాటకొస్తే మ్యాన్‌హోల్‌లోని గ్యాసుకూ ఈ అలంకారం వచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది. నడుముకి తాడు కట్టుకుని బనీనుతో దిగినవాడు, గ్యాసు పోయిందిలే అనుకుంటాడు. పైన తాడు పట్టుకున్నవాడు పిలిస్తే పలుకుండదు. వాణ్ణి తీద్దామని ఇంకొకడు దిగుతాడు. ఒకే గుంటలోంచి రెండేసి, మూడేసి శవాలు అలాగే వస్తాయి.

ఇక ఈ వ్యంగ్యం నావల్ల కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో లోక్‌సభకు ఇదే మంత్రి ఇచ్చిన లెక్క ఇది: 2020 డిసెంబరు 31 దాకా ఐదేళ్లలో మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది పోయారు. రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపడం, మీరు చెప్పే ఆ రెండో పద్దు కింద కూడా నేరమే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. మంత్రిగారూ, వాళ్లని దింపినవాళ్లలో ఎంతమంది జైలుకెళ్లారు? ఆ ఒక్క అంకె చెప్పండి, అలంకారం లేకుండా.