తల లేదు, స్థితి బాగుంది

"మా కళాఖండాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేశాం." ఈ మధ్య సాంస్కృతిక సభల్లో ఈ ఒక్క మాట చెవిన పడితే చాలు, చప్పట్లు వాటంతటవే మోగుతున్నాయి. వేదిక మీది పెద్దమనిషి మీట నొక్కుతాడు. వెనక తెర మీద నటరాజు గిర్రున తిరుగుతాడు. ఫొటోలవాళ్లు ఒకరినొకరు తోసుకుంటారు. నటరాజుకు తప్ప అందరికీ శాలువాలు కప్పుతారు. ఆ పూట నుంచి ఆ విగ్రహాలకు ఏ భయమూ లేనట్టే. దొంగ రాడు, పైకప్పు కారదు, గబ్బిలం వాలదు. సర్వరులో ఉన్న రాయిని ఎత్తుకుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు కదా!

ఇంత గొప్ప కార్యక్రమం లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే రాయవేలూరు వైపు ఒకసారి వెళ్లిరావాలి. వేలూరును మన పెద్దలు అలాగే పిలిచేవారు. అరవీటి రాయలు చంద్రగిరి నుంచి వచ్చి రాజధాని చేసుకున్న ఊరది. అక్కడి కోటలో జలకంఠేశ్వరుడి గుడి ఉంది, మసీదుంది, చర్చి ఉంది, ప్రభుత్వ మ్యూజియం ఉంది. మ్యూజియంలో పల్లవుల చివరి రోజుల నుంచి విజయనగర కాలం దాకా చెక్కిన శిల్పాలున్నాయి. కాండీ ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహ వాడిన దంతపు చదరంగం పలకలూ ఉన్నాయి. ఆయన మదురై నాయకర్ల చుట్టరికం నుంచి వెళ్లి సింహళ గద్దెనెక్కిన వంశంవాడు. 1815లో ఇంగ్లీషువాళ్లు గద్దె దింపి, తరవాత తెచ్చి ఈ కోటలో పెట్టారు. 1832లో ఇక్కడే కన్నుమూశాడు. పాలారు ఒడ్డున ముత్తుమండపం ఆయన సమాధే.

ఇప్పుడా చదరంగం పలకను ఏ డేటాబేస్‌లోకైనా ఎక్కించాలనుకోండి. 'ప్రాంతం' అనే గడి దగ్గర డ్రాప్‌డౌన్ తెరుచుకుంటుంది. ఆడినవాడు దక్షిణాది నాయకర్, ఏలింది శ్రీలంక, పోయింది వేలూరు. ఏది నొక్కాలి? ఆపరేటర్ రెండు క్షణాలు ఆలోచించి, అన్ని చిక్కులూ విప్పే ఆఖరి మీట నొక్కుతాడు: 'ఇతరములు'. రాజ్యం పోయిన రాజుకు ఇంతకన్నా తగిన చిరునామా ఎవరు మాత్రం ఇస్తారు?

రాజుల సంగతి సరే, ఇక బంట్ల దగ్గరికి వద్దాం. వేలూరు చుట్టూ ఉన్న ఉత్తర ఆర్కాటు సీమ వీరగల్లులకు పేరుపడ్డ నేల. గుడియాత్తానికి దగ్గర్లోని ఆంబూరులో పల్లవ నృపతుంగుడి నాటి వీరగల్లులున్నాయి. ఊరి పశువులను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి ప్రాణమిచ్చినవాళ్ల రాళ్లవి. వాటి శాసనాలు పాత ఎపిగ్రాఫియా ఇండికాలోనే అచ్చయ్యాయి. ఎవరు చచ్చిపోయారు, ఎందుకు, ఏ రాజు ఎన్నో ఏట, అన్నీ ఆ రాయే చెబుతుంది. రాయి చెక్కినవాడు తన డేటా ఎంట్రీ తాను నిక్కచ్చిగా చేసుకునే పోయాడు. అలాంటి రాయొకటి మన కాలపు పోర్టల్‌లో చేరిందనుకోండి. ఎంట్రీ ఇలా ఉంటుంది.

పేరు: శిల్పం.
వస్తువు: రాయి.
కాలం: ప్రాచీనం.
కొలతలు: 1.2.
దొరికిన చోటు: తమిళనాడు.
స్థితి: బాగుంది.

ఆ 1.2 అన్నది మీటర్లా, అడుగులా, మూరలా అనేది చూసేవాడి భక్తిని బట్టి ఉంటుంది. ఫొటో తెరిస్తే వీరుడికి తల లేదు. ఉన్న మొండెం మీద అడ్డంగా శాఖ పేరు వాటర్‌మార్క్. రాయి అడుగున చెక్కిన శాసనం వరసలు ఫ్రేములోకి రాలేదు. పక్కనే ఉన్న నేల తుడిచే బకెట్ మాత్రం పూర్తిగా వచ్చింది, దాని కంపెనీ పేరు కూడా చదువుకోవచ్చు. 'స్థితి: బాగుంది' అన్నది బకెట్ గురించే అయి ఉంటుంది.

ఆపరేటర్‌ను తిట్టకండి. పాపం, అతనికి ఎంట్రీకి ఇంత అని కూలి. రోజుకు ఎన్ని చేస్తే అన్ని పైసలు. ముందున్నది పాతకాలపు యాక్సెషన్ రిజిస్టరు, అంచులు చెద తిన్నది. రాసినాయన చేతిరాత ఆయనకే అర్థమై ఉండాలి. అడుగుదామంటే క్యూరేటర్ పోస్టు ఖాళీ, లేదా ఒకాయనే మూడు ఊళ్లకు ఇన్‌ఛార్జి. అందుకని అతను ఎక్సెల్‌లో మొదటి గడి మూల పట్టుకుని కిందికి లాగుతాడు. ఒక్క లాగుడుకు వంద విగ్రహాలు 'శిల్పం, రాయి, ప్రాచీనం' అయిపోతాయి. కాలం గడిలో 'శతాబ్దం 12' అని కొట్టి లాగాడా, ఎక్సెల్ తెలివిమీరిపోయి వరస పెంచుకుంటూ పోతుంది. మొదటి విగ్రహం 12వ శతాబ్దంది, ముప్పై ఆరో విగ్రహం 47వ శతాబ్దంది. ఇంకా పుట్టని శిల్పుల పనిని ముందే భద్రపరిచిన ఘనత ప్రపంచంలో ఇంకే దేశానికి దక్కింది?

'దొరికిన చోటు' గడిలో ఇంతకన్నా పెద్ద తమాషా ఉంది. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు విడిపోయి వేరే జిల్లా అయ్యింది. 1989లో మిగిలిన ఉత్తర ఆర్కాటు మళ్లీ రెండయ్యింది. ఆ తరవాత వేలూరు జిల్లా అని పేరు పడింది. 2019లో అందులోంచి రాణిపేట, తిరుపత్తూరు వేరుపడ్డాయి. ఇక తిరుత్తణి కథ చూడండి: మొదట ఉత్తర ఆర్కాటు, 1911 నుంచి చిత్తూరు, 1960లో సరిహద్దులు సర్దినప్పుడు మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు, 1990ల నుంచి తిరువళ్లూరు. కొండ కదల్లేదు, స్వామి కదల్లేదు, చిరునామా మాత్రం మూడు సార్లు మారింది. గుడిమల్లం లింగం పుట్టినచోటే ఉంది. ఆ ఊరు మాత్రం ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరుకు, 2022లో తిరుపతి జిల్లాకు బదిలీ అయ్యింది. అమరావతి శిల్పాల మీద బర్జెస్ 1887లో అచ్చేసిన గ్రంథం పేరులో కృష్ణా జిల్లా అని ఉంటుంది. 1904లో అది గుంటూరు, ఇప్పుడు పల్నాడు.

పాత రిజిస్టరులో 1905లో ఒక గుమాస్తా 'పలమనేరు తాలూకా, ఉత్తర ఆర్కాటు' అని రాశాడనుకుందాం. మన డేటాబేస్ నిర్వాహకుడు దాన్ని చూస్తాడు. ఉత్తర ఆర్కాటు ఇప్పుడెక్కడుంది? వేలూరు. వేలూరు ఎక్కడుంది? తమిళనాడు. టక్‌మని కొట్టేస్తాడు. ఆంధ్ర నేల మీద దొరికిన విగ్రహం ఒక్క మీట నొక్కుడుతో రాష్ట్రం దాటిపోతుంది. నదీజలాల కోసం ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగే రాష్ట్రాలు ఈ బదిలీని కనీసం గమనించవు. దీనికి మందు పెద్ద శాస్త్రమేమీ కాదు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, నేటి జిల్లా ఇంకో గడిలో, ఊరి అక్షాంశ రేఖాంశాలు మూడో గడిలో పెట్టాలి. పాతదాన్ని ఎప్పటికీ చెరపకూడదు. ఇంతే. కానీ గడులు పెంచితే టెండరు రేటు పెరుగుతుందట.

ఇక వెతుకులాట. గుడియాత్తం పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. పోర్టల్‌కు తెలిసింది ఒక్కటే. మిగతా ఏది కొట్టినా 'ఫలితాలు లేవు' అని వినయంగా చెబుతుంది. తెలుగులోనో తమిళంలోనో కొట్టిచూడండి, ఆ వినయం కూడా ఉండదు. గుడియాత్తంలో మగ్గం మీద లుంగీ నేసే మనిషికి తన ఊరి రాయిని చూడాలనిపిస్తే ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఆ తరవాత ఆపరేటర్ చేసిన స్పెల్లింగు తప్పు కూడా నేర్చుకోవాలి.

దేశం లెక్కలు ఇంకా ఘనం. స్మారకాల, పురావస్తువుల జాతీయ మిషన్ 2007లో మొదలైంది. దేశంలో సుమారు 58 లక్షల పురావస్తువులుంటాయని అంచనా, నమోదైనవి 16 లక్షల పైచిలుకు. వస్తువులంటే చిన్నవి, సంచిలో పడతాయి అనుకోవచ్చు. కట్టడాల సంగతేమిటి? 2013లో కాగ్ తనిఖీకి వెళితే రక్షిత కట్టడాలు 92 కనిపించలేదు. తరవాత పురావస్తు శాఖ వెతికి వెతికి లెక్క తగ్గించి, చివరికి 24 అంతుచిక్కడం లేదని పార్లమెంటు సంఘానికి చెప్పింది. సమాధులు, గుళ్లు, కోటగోడలే జాబితాలో ఉండి నేల మీద మాయమైతే, గుప్పెడంత కంచు విగ్రహం ఎంత? జాబితాలో మాత్రం క్షేమంగానే ఉంటుంది.

సీమదొరలు మనకన్నా మేలు అనుకునేవాళ్లకు కూడా ఒక మాట. బ్రిటిష్ మ్యూజియంలో సుమారు రెండు వేల వస్తువులు పోయాయనో, పాడయ్యాయనో 2023లో బయటపడింది. అంతకు రెండేళ్ల ముందే డెన్మార్క్‌కు చెందిన ఒక పాతవస్తువుల వ్యాపారి, మ్యూజియం రత్నాలు నెట్‌లో అమ్ముడవుతున్నాయని వాళ్లకే రాశాడు. అన్నీ భద్రంగా ఉన్నాయని జవాబొచ్చింది. పోయినవాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. నమోదు లేని వస్తువు పోయిందని నిరూపించడం ఎవరి తరం? దొంగకు ఇంతకన్నా నమ్మకమైన తోడు దొరకదు. ఆ తరవాతే అక్కడ మొత్తం సేకరణను అయిదేళ్లలో తెరకెక్కిస్తామని ప్రకటించారు.

సరైన నమోదు ఉంటే ఏమవుతుందో చెప్పే కథ కూడా మన పక్కనే ఉంది. అరియలూరు జిల్లా శ్రీపురందన్ గుడిలోంచి 2006లో నటరాజును ఎత్తుకుపోయారు. 2008లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని యాభై లక్షల డాలర్లకు కొంది. చేతిలో కాగితాలన్నీ ఉన్నాయి, అన్నీ దొంగవే. ఆ కాగితాలను ఓడించింది పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పాత నలుపు తెలుపు ఫొటో. వాళ్లు 1950ల నుంచి ఊరూరూ తిరిగి, గుడిలో విగ్రహం ఉన్నచోటే ఫొటో తీసి, వెనక ఊరి పేరు రాసి బీరువాలో పెట్టుకున్నారు. మీట నొక్కే ఉత్సవం చేయలేదు, తెర మీద ఎవర్నీ తిప్పలేదు. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా ఆ నటరాజును తెచ్చి ఢిల్లీలో అప్పగించి వెళ్లాడు. బకెట్ ఫొటో తీసే మన పోర్టల్ వల్ల అలాంటి పని ఎప్పుడైనా అవుతుందా? అవుతుంది, బకెట్ పోతే.

"అయితే ఆన్‌లైన్ వద్దంటావా?" అని పెద్దలు కళ్లెర్రజేస్తారు. వద్దని ఎవరన్నారు? పనిముట్లకు లోటు లేదు. పుణె సీ-డాక్ చేసిన 'జతన్' సాఫ్ట్‌వేర్‌తో సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులు తెర మీదికి వచ్చాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో మూడు లక్షల డెబ్బై అయిదు వేల బొమ్మలను ఏ షరతూ లేకుండా ప్రజలకు వదిలేసింది. మనం మాత్రం తపాలా బిళ్ల సైజు ఫొటో పెట్టి, దాని ముఖం మీద వాటర్‌మార్క్ అచ్చొత్తి, ఎవరూ కాపీ కొట్టలేరని మురిసిపోతాం. ప్రజల సొమ్ముతో కొన్న విగ్రహాన్ని ప్రజల నుంచే కాపాడుతున్నాం. డేటాబేస్ పాడి ఆవులాంటిది, తెచ్చిన రోజున బొట్టు పెడితే సరిపోదు, రోజూ మేత వేయాలి. మన దగ్గర మేతకు బడ్జెట్ పద్దు ఉండదు, బొట్టుకే ఉంటుంది. ప్రారంభించిన మంత్రి మారతాడు, నిర్వహణ ఒప్పందం ముగుస్తుంది, డొమైన్ రుసుము కట్టాల్సిన మనిషి బదిలీ మీద వెళ్లిపోతాడు. ఒకనాటి ఉదయం మొత్తం సేకరణ 'పేజీ దొరకలేదు' అన్న ఒక్క ఎంట్రీగా కుదించుకుపోతుంది. ఇంతవరకు చేసిన నమోదుల్లో తప్పు లేనిది అదొక్కటే.

ఇక ఆ తెరలోకి అసలు ఎక్కనివి. వైశాఖంలో గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. కౌండిన్య నది ఒడ్డున జనం పోటెత్తుతారు, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్లూ వెళతారు. అదే ఊళ్లో తయారైన అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఎన్ని వంటిళ్లు చూశాయో. కాట్పాడి దగ్గర కరిగిరి మెరుగు కుండలకు పాతకాలం నుంచీ పేరుంది. ఇవేవీ డ్రాప్‌డౌన్‌లో లేవు. ఊరంతా మోసే శిరస్సుకు 'ఇతరములు' కూడా దక్కలేదు. తల లేని వీరుడి స్థితి బాగుందన్న వ్యవస్థ, తలనే ఊరేగించే ఊరిని గుర్తుపట్టలేకపోవడంలో వింతేముంది?

కాబట్టి పాఠకులకు మనవి. ఈసారి ఎవరైనా వేదికెక్కి లక్ష వస్తువులు ఆన్‌లైన్‌లో పెట్టామంటే చప్పట్లకు తొందరపడకండి. మ్యూజియాల తనిఖీలో పాత పద్ధతి ఒకటుంది, దాన్ని అడగండి. తెర మీద మీకు నచ్చిన పది ఎంట్రీలు ఎంచుకుని, వాటి వస్తువులను గోదాములో చూపించమనండి. తరవాత గోదాములో మీ చేయి తగిలిన పది వస్తువులను తీసి, వాటి ఎంట్రీలను తెర మీద చూపించమనండి. వస్తువు అడుగున సిరాతో రాసిన నంబరు, రిజిస్టరులోని నంబరు, తెర మీది నంబరు మూడూ ఒకటే కావాలి. ఆఖరిసారి ఆ మూడింటినీ ఎవరు ఏ తేదీన సరిచూసి సంతకం చేశారో కూడా ఉండాలి. రెండు వైపులా పదికి పది దొరికితే లేచి నిలబడి చప్పట్లు కొట్టండి, ఆ పని చేసిన గుమాస్తాకు శాలువా కప్పండి. దొరక్కపోతే అది డేటాబేస్ కాదు, ప్రజాధనంతో చేయించిన ఫొటో ఆల్బం. దానికి పెట్టిన ఖర్చు లెక్క అడగడం మన హక్కు.