ఒక్క చుక్క చాలు

నా పొట్టలో ఐదు వందల అంకెలు పడతాయి. ఐదు వందల ఒకటోది రాగానే అన్నిటికంటే పాతది చెరిగిపోతుంది. ఇలాంటి జ్ఞాపకశక్తి పెట్టుకుని ఆత్మకథకి కూర్చోవడం సాహసమే. కాకపోతే గుర్తున్నంతవరకూ తేదీతో, టైముతో సహా గుర్తుంటుంది. ఆత్మకథలు రాసిన మనుషుల్లో ఎంతమంది ఆ మాట అనగలరు? మిగతా సంగతులు ఈ ఇంట్లో వాళ్లు చెప్పుకోగా విన్నవి.

పెట్టె మీద గ్లూకోమీటర్ అని రాసి ఉంటుంది గానీ, తెనాలిలో ఈ ఇంట్లో నన్ను షుగర్ మిషన్ అనే అంటారు. అరచేతిలో ఇమిడిపోతాను. లోపల బిళ్ల బ్యాటరీ, పైన చిన్న తెర, కింద స్ట్రిప్పు దూర్చే సందు. నా తెలివిలో సగానికి పైగా ఆ స్ట్రిప్పుదే. ఉల్లిపాయ పొర మీద నల్లటి పొడిగా పట్టే బూజు చూసే ఉంటారు. దాని పేరు ఆస్పర్జిల్లస్ నైజర్. ఆ బూజు నుంచే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము తీస్తారు. చాలా స్ట్రిప్పుల కొసన ఉండేది అదే. చుక్క రక్తం తగలగానే అది అందులోని గ్లూకోజును పట్టుకుని ఎలక్ట్రాన్లు వదిలిస్తుంది. ఆ కాస్త కరెంటును కొలిచి నేను అంకె వేస్తాను. ఐదారు సెకన్ల పని.

మా ఇంటి యజమాని ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. వీధిలో ఇప్పటికీ అందరికీ కండక్టరు గారే. వాళ్ల నాన్నగారికీ షుగరే ఉండేదట. ఆ రోజుల్లో పరీక్షనాళికలో ఐదు మిల్లీలీటర్ల నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, మంట మీద మరిగించేవారు. బెనెడిక్ట్ పరీక్ష అనేవారు దాన్ని. నీలంగానే ఉండిపోతే షుగర్ లేనట్టు. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు. పైగా రక్తంలో సుమారు 180 దాటితే గాని షుగర్ మూత్రంలోకి దిగదు. ఆ లోపల జరిగేదేదీ ఆ నాళికకి కనిపించేది కాదు.

నా జాతిలో మొదటి మిషన్ 1960ల చివర అమెరికాలో పుట్టింది. కిలో పైనే బరువు. అది డాక్టర్లకే అమ్మేవారు, రోగికి ఇచ్చేవారు కాదు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరుకి పన్నెండో ఏటి నుంచీ షుగరు. 1969లో ఆ మిషన్ ప్రకటన చూశాడు. భార్య డాక్టరు కాబట్టి ఆవిడ పేరు మీద తెప్పించుకున్నాడు. రోజుకు ఎన్నోసార్లు వేలు గుచ్చుకుని, ఏది తింటే ఎంత పెరుగుతోంది, ఎంత ఇన్సులిన్‌కి ఎంత తగ్గుతోంది అని తానే లెక్క కట్టాడు. ఆ సంగతి రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. ఊరుకోకుండా నలభై ఐదో ఏట మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. మిషన్ని పట్టుకుని మార్కులు కాకుండా జవాబులు అడిగినవాడు ఆయన. ఈ ఇంటికి ఆ బుద్ధి రావడానికి చాలాకాలం పట్టింది.

నాకంటే ముందు ఇక్కడ ఇంకో మిషన్ ఉండేది. పెద్దబ్బాయి లండన్ నుంచి తెచ్చాడు. మొదటిసారి గుచ్చుకుంటే 9.4 అని చూపించిందట. వీధిలో అందరి షుగరూ నూట యాభై, రెండు వందలు ఉంటే తనది తొమ్మిదా! కండక్టరు గారు మురిసిపోయి ఆ మధ్యాహ్నం బొబ్బట్టు అడిగి మరీ వేయించుకున్నారు. అక్కడి మిషన్లు మిల్లీమోళ్లలో కొలుస్తాయి, మన లెక్కకి 18తో హెచ్చవేయాలి అని అబ్బాయి ఫోన్లో చెప్పేసరికి బొబ్బట్టు అరిగిపోయింది. తొమ్మిది కాస్తా 169 అయింది. తర్వాత దాని స్ట్రిప్పులు ఇక్కడ దొరక్క అది బీరువా ఎక్కింది. విదేశాల నుంచి మిషన్లు తెచ్చే పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మా జాతికి కొంత పరువు దక్కుతుంది.

ఆ అబ్బాయే ఇంకో సంగతీ చెప్పాడు. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ బస్సుల వాళ్ల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. డబుల్ డెక్కర్‌లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, సీట్లో కూర్చునే డ్రైవర్లకి గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని తేల్చాడు. అది గుండె లెక్కే, షుగర్ లెక్క కాదు. అయినా కండక్టరు గారికి ఆ మాట గుచ్చుకుంది. సర్వీసంతా జనాన్ని తోసుకుంటూ బస్సులో ముందుకీ వెనక్కీ తిరిగిన మనిషి. రిటైరయ్యాక పడక్కుర్చీ, టీవీ, పేపరు. షుగర్ బయటపడింది ఆ తర్వాతే.

నన్ను బజారులో మందుల షాపులో కొన్నారు. వచ్చిన కొత్తలో నా బతుకు ప్రోగ్రెస్ కార్డు బతుకే. నేను చెప్పేది ఆ నిమిషానికి రక్తంలో ఎంత ఉందన్నదే. వీళ్లు విన్నది మాత్రం మంచివాడివా, చెడ్డవాడివా అన్న తీర్పు. ఉదయం పరీక్ష ఉందంటే ముందురోజు రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని పడుకునేవారు. పెళ్లి భోజనం చేసొచ్చిన రోజు నా జిప్పు సంచీ కనిపించకుండా పోయేది. అమ్మగారు పక్కనే నిలబడి “ఎంతండీ?” అనేవారు. 130 అయితే కాఫీ వచ్చేది. 190 అయితే, “రాత్రి ఆ జంతికలు తినొద్దంటే విన్నారా?” వచ్చేది.

ఒకసారి మనవడికి బంగినపల్లి మామిడిపండు తొక్క తీసిచ్చి, చెయ్యి లుంగీకి తుడుచుకుని వచ్చి కూర్చున్నారు. నా తెర మీద 318 పడింది. “ఒక్క ముక్క కూడా తినలేదే బాబూ!” అని ఒట్టు పెట్టుకున్నా అమ్మగారు నమ్మలేదు. సబ్బుతో చేతులు కడిగి, వేరే వేలు గుచ్చితే 146. వేలికంటిన పండురసం కూడా నాకు రక్తంలోని గ్లూకోజులాగే లెక్కకి వస్తుంది.

ఈ ఇంటి తీరు మార్చింది అమ్మాయి. దగ్గరి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఒక ఆదివారం వచ్చి, “నాన్నా, రోజూ పొద్దున్నే ఒక్కసారి గుచ్చుకుని తిట్లు తినే బదులు, ఒక పూట రెండుసార్లు చూద్దాం. తినబోయే ముందొకటి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకి ఇంకొకటి. ఆ తేడా చెబుతుంది ఆ తిండి సంగతి,” అంది. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి వారానికి ఒక్క ప్రశ్న అని ఒప్పందం.

మొదటి ప్రశ్న రాగిజావ. షుగర్ ఉన్నవాళ్లకి అమృతమని అమ్మగారు రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు ఇచ్చేవారు. ముందు 121, రెండు గంటలకి 209. ఆవిడ నన్ను తిప్పి తిప్పి చూశారు, పాడైపోయానేమోనని. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ మెత్తగా ఆడించిన పిండిని పలచగా ఉడికించి తాగితే, నమిలే పని కూడా లేకుండా పిండిపదార్థం గబగబా రక్తంలోకి చేరుతుంది. మరుసటి వారం పెసరట్టు, అల్లం పచ్చడి: 118 నుంచి 152. పొట్టు పెసలు కదా, మాంసకృత్తులూ పీచూ ఎక్కువ. ఉప్మా లేకుండా పెసరట్టేమిటని కండక్టరు గారు మొహం చిన్నబుచ్చుకున్నారు, అది వేరే సంగతి. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు, బంగాళాదుంప కుర్మా తిన్న పూట నేను వేసిన అంకె అన్నం పూట కంటే ఏమీ తగ్గలేదు. చక్కెర బదులు బెల్లం కాఫీదీ అదే కథ. నాకు బియ్యం మీద కక్షా లేదు, గోధుమ మీద ప్రేమా లేదు.

అందుకని అన్నం మానలేదు. మూడు హస్తాల అన్నం ఒకటిన్నరకి దిగింది. ముందు గిన్నెడు బీరకాయో దొండకాయో ఉత్తకూర, తర్వాత గోంగూర పప్పు గట్టిగా వేసుకుని కొంచెం అన్నం, చివర మజ్జిగ. రెండు గంటల అంకె 180 లోపే ఉండసాగింది. డాక్టరు పెట్టిన హద్దు కూడా అదే.

నడక సంగతిలోనూ నేను సాక్ష్యం చెప్పాను. తెల్లవారుజామున గంట నడవమని అందరూ అంటారు, నాలుగు రోజులు నడిచి ఐదోరోజు ముసుగు తంతారు. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడిచిన రోజులకంటే, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచిన రోజుల్లో తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం పెద్దగా కాచుకోదు, గ్లూకోజును తానే లాక్కుంటుంది. రాత్రి చెయ్యి కడుక్కోగానే మొగుడూ పెళ్లాలిద్దరూ గంగానమ్మ గుడిదాకా వెళ్లి రావడం అలా మొదలైంది. సీరియల్ వేళకి ఇంటికి రావాలన్నది అమ్మగారి షరతు.

నేను నిజంగా భయపడ్డది ఒక కార్తీక సోమవారం. కండక్టరు గారు ఉపవాసం. పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం అలవాటుగా వేసేసుకున్నారు. ఆ మాత్ర తిన్నారా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే పోతుంది. సాయంత్రానికి ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, ఊరికే కసురుకోవడం. అమ్మగారు భక్తి తాపం అనుకున్నారు. అదృష్టం కొద్దీ అమ్మాయి ఇంట్లోనే ఉంది. నా తెర మీద 54. డెబ్బై లోపు ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. మూడు చెంచాల పంచదార, అంటే దాదాపు పదిహేను గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ గుచ్చింది. 82. ఆ తర్వాత అన్నం పెట్టారు. “చుక్కలు రాకుండానే?” అని ఆయన గొణిగితే, “శివుడికి నేను చెప్పుకుంటాను, మీరు తినండి,” అన్నారు అమ్మగారు. ఉపవాసాలుంటే ముందే చెప్పాలని డాక్టరు మందలించి మందు మార్చారు. పంచదార డబ్బా చూస్తేనే ఉలిక్కిపడే ఇంట్లో, ఇప్పుడు ఆయన చొక్కా జేబులో చిన్న గ్లూకోజ్ పొట్లం ఉంటుంది.

నాకు కనిపించనివీ చాలా ఉన్నాయి. రెండు మూడు నెలల సగటు తెలియాలంటే ల్యాబులో హెచ్‌బీఏ1సీ చేయించాల్సిందే. కంటిపొర, మూత్రపిండాలు ఏడాదికోసారి డాక్టర్లు చూడాలి. పాదాలైతే నా సందులో పట్టవు. వేసవిలో గుడి బండల మీద ప్రదక్షిణ చేసొచ్చి, అరికాలు బొబ్బలెక్కిన సంగతి ఆయనకి రాత్రి దాకా తెలియలేదు. స్పర్శ తగ్గింది. డాక్టరు సన్న నైలాన్ దారంతో అరికాలు తాకి, ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు అని చూశారు. అప్పటినుంచి పడుకునే ముందు అమ్మగారు టార్చి వేసి ఆయన వేళ్ల సందులు చూస్తారు. అయ్యప్ప మాల వేసుకుంటానన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇంత చేసే ఆవిడని ఒక్కరూ ఒక్కసారి కూడా గుచ్చలేదు! ఆయనకి వేరుగా కూరలు వండి, మిగిలిన అన్నం పారేయలేక తానే తిని, ఆయన మానేసిన అరిసెలు డబ్బాలో మెత్తబడిపోతాయని అవీ తిని, రాత్రి రెండుసార్లు దాహానికి లేచే మనిషి. “నాకేం, దుక్కలా ఉన్నాను,” అనేవారు. అమ్మాయి బలవంతాన వేలు పట్టుకుంటే 247 వేశాను. నా మాటతో జబ్బు నిర్ధారించకూడదు, ల్యాబుకి పంపారు. పరగడుపున 151, హెచ్‌బీఏ1సీ 7.9. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశమంతా చేసి 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. అందులో ఇలా వంటింట్లో ఉండిపోయి, ఎవరూ వేలు పట్టుకోనివాళ్లు ఎంతమందో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆవిడ రెండు రోజులు ఏడ్చి మూడోరోజు నన్ను చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు నా అసలు యజమాని ఆవిడే. సూదులు ఎవరివి వారికే, డబ్బాలు వేరు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే గాలిలో తేమకి పాడవుతాయని ఆయన్నే కసురుతారు. వేలి కొసన గుచ్చితే నొప్పి, పక్కన గుచ్చాలని వీధిలో ఆడవాళ్లకి నేర్పుతారు. ఉలవచారుతో ఎంత, చేపల పులుసుతో ఎంత, పులిహోర ప్రసాదం దోసెడైతే ఎంత, అన్నీ గ్యాస్ పుస్తకం వెనక పేజీల్లో రాసిపెట్టారు. టీవీలో ఎవరో నెల రోజుల్లో షుగర్ మాయం చేసే పొడి అమ్ముతుంటే, “ముందు, రెండు గంటల తర్వాత చూపించరేం?” అని టీవీనే అడిగారు.

మొన్న నూజివీడు నుంచి మామిడిపళ్ల బుట్ట వచ్చింది. భోజనంలో అన్నం సగం తగ్గించి, బంగినపల్లి సగం పండు కోసి చెరో నాలుగు ముక్కలు వేశారు. తిన్నాక గుడిదాకా నడిచొచ్చారు. రెండు గంటలకి, “చేతులు కడుక్కురండి, సబ్బుతో,” అన్నారు. ఆయనది 171. ఆవిడది 164. పుస్తకంలో రాసుకుని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

“వచ్చే వారం చిన్నరసం చూద్దామండీ,” అన్నారు.