మధ్యవర్తుల సమక్షంలో హాస్యం

పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయిన ప్రతి పెద్దమనిషి కడుపులోనూ ఒక హాస్య నవల ఉంటుందట. "మా సర్వీసులో చూసినవి రాస్తే జనం పొట్ట చెక్కలవుతుందండీ" అనే మాట నందిగామ, జగ్గయ్యపేట వైపు నాలుగు సాహిత్య సభలకు వెళ్లినవాడెవడైనా వినే ఉంటాడు. వీరులపాడు లాంటి మెట్ట మండలంలో ఎస్సైగా చేసినవారైతే చెప్పనే అక్కర్లేదు. పత్తిచేల గట్టు తగాదాలు, మిర్చి కల్లాల దగ్గర దొంగతనాలు, సుబాబుల్ తోటల్లో పేకాటలు, సంక్రాంతికి కోళ్లు, పెనుగంచిప్రోలు తిరునాళ్లకు బందోబస్తు. సరుక్కి లోటు లేదు. నా పేచీ అంతా అట్ట మీద వేసుకునే "తొలి నవల" అన్న మాటతోనే.

తొలి ఏమిటి? ముప్పై ఏళ్లుగా రాసి కోర్టుల్లో దాఖలు చేసినవేమిటి మరి?

"నమ్మదగిన సమాచారం మేరకు" అని మొదలవుతుంది ప్రతి కథా. సమాచారం ఎప్పుడూ నమ్మదగినదే, ఇచ్చినవాడికి మాత్రం పేరుండదు. ముద్దాయి దొంగసొత్తు చంకన పెట్టుకుని ఊరి సెంటర్లో "అనుమానాస్పదముగా తచ్చాడుచూ" జీపు కోసం ఎదురుచూస్తుంటాడు. జీపు రాగానే "పారిపోవుటకు ప్రయత్నించగా" చుట్టుముట్టి పట్టుకుంటారు. సర్వీసంతా గాలించినా ఆ ప్రయత్నం చేయని ముద్దాయి ఒక్కడు దొరకడు. అదేం చిత్రమో, తెల్లవారుజామున అయిదింటికే ఇద్దరు మధ్యవర్తులు, అందులో ఒకరు వీఆర్వో, జేబులో పెన్నుతో సహా అక్కడ సిద్ధంగా ఉంటారు. అప్పుడు ముద్దాయి నోరు విప్పుతాడు. దొడ్డదేవరపాడులోనో అల్లూరులోనో పుట్టి, "నాకేం తెల్దు సార్" తప్ప ఇంకో ముక్క పెగలని మనిషి కాగితం మీదికి వచ్చేసరికి "సదరు సొత్తును ముళ్లపొదలో దాచియుంచితిని, నా వెంట వచ్చినచో చూపెదను" అంటాడు. గిడుగు రామమూర్తిగారి వాడుకభాష బడుల్లోకి వెళ్లింది, పత్రికల్లోకి వెళ్లింది, పోలీసు స్టేషను గడప దగ్గర మాత్రం ఆగిపోయింది.

ఆ ముళ్లపొద ఊరికే మొలవలేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద చెల్లదు. 27వ సెక్షను ఒక సందు వదిలింది: కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన మాటను బట్టి ఏదైనా బయటపడితే, ఆ బయటపడ్డంత మేరకు మాట చెల్లుతుంది. ఇంకేం, దేశంలో ముళ్లపొదలకీ గడ్డివాములకీ పాడుబడ్డ బావులకీ ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది. 2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియమం వచ్చి 25ను 23 చేసి, 27ను కూడా దాని కిందికే చేర్చింది. నంబర్లు మారాయిగానీ అభిప్రాయం మారలేదు. ఈయన ముందు ఒప్పుకున్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని తెల్లదొరలూ చెప్పి, మనవాళ్లూ చెప్పిన రచయిత ఇంకొకడు ఉంటాడా? అలాంటాయన ముందుమాటలో "ఇందులోని పాత్రలు పూర్తిగా కల్పితం" అని రాస్తే, ఆ ఒక్క వాక్యాన్నయినా నమ్మాలో వద్దో పాఠకుడికి తోచదు.

పైగా రాసింది ఆయనా? ప్రతి స్టేషనులోనూ రైటరని ఒకాయన ఉంటాడు. హెడ్ కానిస్టేబులో, చేతిరాత బాగున్న కానిస్టేబులో. జనరల్ డైరీ, కేసు డైరీ, రిమాండు రిపోర్టు, పంచనామా, అన్నీ ఆయన చేతిలోనే పురుడు పోసుకుంటాయి. దొరగారు కింద సంతకం పెడతారు. ఇప్పుడు నవల వచ్చాక కృతజ్ఞతల పేజీలో శ్రీమతికీ పిల్లలకీ ఐజీగారికీ అట్టమీద బొమ్మ వేసినాయనకీ చోటు దొరికింది. రైటరుకు దొరకలేదు. పాపం, ఆయన ఇంకా ప్రమోషను లిస్టులోనే పేరు వెతుక్కుంటున్నాడు.

రైటరు పక్కన లేకపోతే ఏమవుతుందో నవల రెండో పేజీలోనే తెలిసిపోతుంది. కథానాయిక ప్రవేశిస్తుంది: వయసు సుమారు ఇరవై రెండు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, చామనచాయ, గుండ్రటి ముఖం, కుడిబుగ్గ మీద పుట్టుమచ్చ, పసుపురంగు చీర. చదువుతున్నవాడికి ఈ అమ్మాయిని ప్రేమించాలో, ఆచూకీ తెలిస్తే దగ్గర్లోని స్టేషనుకు ఫోను చేయాలో అర్థం కాదు. నాయకుడు ఆమెకు మనసిచ్చిన చోటుకు హద్దులు కూడా ఉంటాయి: తూర్పున ఆర్టీసీ బస్సు షెల్టరు, పడమర పత్తిచేను, ఉత్తరాన పంచాయతీ బోరు, దక్షిణాన రస్తా.

అసలు తమ హాస్యం మీద వీరికింత నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆలోచిస్తే తప్పు వాళ్లది కాదేమో అనిపిస్తుంది. స్టేషనులో ఎస్సైగారు జోకేస్తే కానిస్టేబులు నవ్వుతాడు. హోంగార్డు ఇంకాస్త గట్టిగా నవ్వుతాడు, అతనిది రోజుకూలీ లెక్క కదా. ఫిర్యాదు ఇవ్వడానికొచ్చిన రైతు నవ్వుతాడు, ఎఫ్ఐఆర్ కావాలి కనక. బెంచీ మీద కూర్చోబెట్టినవాడూ నవ్వుతాడు, ఎందుకో చెప్పక్కర్లేదు. సీఐ వస్తే ఎస్సై నవ్వుతాడు, డీఎస్పీ వస్తే సీఐ నవ్వుతాడు. ముళ్లపూడి వెంకటరమణకు లేదు ఈ భోగం. ఆయన రాసింది నచ్చకపోతే పాఠకుడు పేజీ తిప్పేసి పోయేవాడు. ఇక్కడ పోవడానికి లేదు, గుమ్మంలో సెంట్రీ ఉన్నాడు. ఇన్నేళ్లలో తన జోకుకు నవ్వని మొహం ఒక్కటి చూడని మనిషి తన చమత్కారాన్ని ఎలా శంకిస్తాడు? ట్రైనింగులో అందర్నీ అనుమానించమని నేర్పుతారు, ఎదుటివాడి నవ్వును అనుమానించమని నేర్పరు.

అందుకే ఈ నవలల్లో నవ్వు ఎప్పుడూ బల్లకు ఇవతలివైపే పుడుతుంది. తాగి కరెంటు స్తంభంతో పోట్లాడేవాడు, కన్నం వేసిన ఇంట్లోనే పెరుగన్నం తిని నిద్రపోయిన దొంగ, పొద్దున మొగుడి మీద కేసు పెట్టి మధ్యాహ్నానికి లాకప్పుకు క్యారియరు తెచ్చిన ఇల్లాలు, సాక్ష్యం కింద కట్టేసిన మేక. అందరూ వెర్రివాళ్లే, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు కుర్చీలో కూర్చుని మీసం దువ్వుకుంటుంటారు. ఫిర్యాదుదారునే తెల్లకాగితాలు కొనుక్కురమ్మన్న సంగతి నవల్లో ఉండదు. జీపులో డీజిలు ఎవరు పోయించారో ఉండదు. ఏట్లో శవం తేలితే ఈ గట్టు స్టేషనువాళ్లు అది ఆ గట్టుకు కొట్టుకుపోవాలనీ, ఆ గట్టువాళ్లు ఇటే ఆగిపోవాలనీ మొక్కుకున్న సంగతి అసలే ఉండదు. ఇది ఏ ఏరని అడక్కండి. అడిగితే మా పరిధి కాదంటాను.

తెలుగులో సారా కేసుల్నీ మేజిస్ట్రేటు కోర్టుల్నీ పోలీసుల్నీ చూపించి నవ్వించి, ఆ నవ్వు గొంతుకు అడ్డంపడేలా చేసినవాడు రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన ఒక్కరోజు ఖాకీ తొడగలేదు. విశాఖపట్నంలో ప్లీడరు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో ఆ నిషేధం ఎవరి జేబులు నింపిందో, ఎవరిని బోనెక్కించిందో "ఆరు సారా కథలు" చదివితే తెలుస్తుంది. బోనులో నిలబడ్డవాడి పక్కన నిలబడి చూసినవాడికి కనిపించిన హాస్యం అది. కుర్చీలో కూర్చుంటే కనిపించదు.

ఖాకీ తొడిగినవాళ్లకు రాత రాదని నేననను. రావులపాటి సీతారాంరావుగారు ఐపీఎస్ అధికారిగా ఉంటూ కథలు, నవలలు రాశారు, ఆయన జోలికి నేను పోవడం లేదు. బెంగాల్లో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1890ల్లోనే తన కేసుల్ని "దారోగార్ దఫ్తర్" పేరుతో వరసగా అచ్చేశాడు. లాస్ ఏంజిలస్ పోలీసు శాఖలో సార్జెంటుగా ఉంటూనే జోసెఫ్ వాంబో 1971లో తొలి నవల "ది న్యూ సెంచూరియన్స్" తెచ్చాడు. ఉద్యోగం వదిలాక 1975లో "ది కోయిర్‌బాయ్స్" రాశాడు. రాత్రి డ్యూటీ దిగి పార్కులో చేరి తాగి తందనాలాడే పోలీసుల కథ అది. అందులో వెర్రివాళ్లు పోలీసులే, వాళ్లకన్నా పెద్ద వెర్రివాళ్లు పై అధికారులు. నవ్వుతూనే ఉంటాం, పేజీలు తిరిగేకొద్దీ భయం వేస్తుంది. కేరళ పోలీసు ఉద్యోగి షాహీ కబీర్ కథ రాయగా 2021లో వచ్చిన "నాయాట్టు" సినిమాలో పోలీసుల్ని వేటాడేది పోలీసు శాఖే. తన శాఖను తానే ముద్దాయి చేసుకోగలిగినవాళ్లు వీళ్లు.

ఆ గుండె ఉంటే మనవాళ్లకు కథలు కరువా? మథురలో పట్టుకున్న 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని 2022 నవంబరులో అక్కడి పోలీసులు సాక్షాత్తూ కోర్టుకే చెప్పుకున్నారు. అంత గంజాయి తిన్న ఎలుకలు తర్వాత ఎలా ప్రవర్తించాయో రాయడానికి ఒక్క హాస్య రచయిత ముందుకు రాలేదు. 2024 సెప్టెంబరులో గుంటూరు ఏటుకూరు రోడ్డు మీద, పట్టుబడిన మద్యం సీసాల్ని పగలగొట్టడానికి వరసగా పేరిస్తే, జనం ఎగబడి పోలీసుల కళ్లముందే చేతికందినన్ని ఎత్తుకుపోయారు. ఇక రాష్ట్ర సరిహద్దులో మన గరికపాడు చెక్‌పోస్టు ఉండనే ఉంది. రాష్ట్రం రెండయ్యాక, ఇటువైపు ధరలు చుక్కలంటిన రోజుల్లో, అదే హైదరాబాదు రోడ్డు, అదే సీసా, గీత అవతల సరుకు, గీత ఇవతల నేరం. ఏ రచయిత కల్పించగలడు ఇంతకన్నా? కానీ ఇవేవీ రావు. వీటిలో నవ్వులపాలయ్యేది ఎవరో తెలుసు కదా.

జ్ఞాపకశక్తి సంగతి మరీ విడ్డూరం. ప్రతి పోలీసు స్టేషనులోనూ సీసీ కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. కోర్టువారు ఫుటేజీ అడిగిన రోజున ఏదో వైరు ఊడి ఉంటుంది. మన నవలాకారుడికి మాత్రం 1994లో కట్టేసిన మేక ఏ చెవికి గాటు ఉందో కూడా కళ్లకు కట్టినట్టు గుర్తు.

వీరులపాడు మండలంలోనే పొన్నవరం ఉంది. ఆ ఊళ్లో పుట్టిన జస్టిస్ నూతలపాటి వెంకటరమణ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 2021 ఆగస్టు 8న జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ కార్యక్రమంలో, మానవహక్కులకూ మనిషి ఒంటికీ అన్నిటికన్నా ఎక్కువ ముప్పు పోలీసు స్టేషన్లలోనే ఉందన్నారు. ఆయన నవ్వుతాలకు అన్న మాట కాదది. ఈ ప్రాంతపు సర్వీసు మీద నవల రాయబోయేవారు ఆ మాటను ఎదురుగా పెట్టుకుని కలం పడితే, మేక అధ్యాయం అయ్యాక రాత్రి రెండుగంటల అధ్యాయం ఒకటి రాయాల్సి వస్తుంది. ఆ వేళ లోపలి గదిలో ఎవరు జోకేశారు, ఎవర్ని నవ్వమన్నారు, ఎవరికి నవ్వు రాలేదు.

మరి పోలీసుకు నవ్వుకునే హక్కు లేదా అంటారు. ఎందుకు లేదు? రాష్ట్రంలో పోలీసులకు వారానికో సెలవని 2019లో ప్రకటించారు. ఆ సెలవు ఏ వారం వస్తుందో, వచ్చినరోజు ఏ మంత్రిగారి కాన్వాయి కోసం హైవే మీద ఎండలో నిలబడాలో ఎదురుచూసే కానిస్టేబులు నవల రాస్తే నేను డబ్బిచ్చి కొంటాను, నలుగురి చేత కొనిపిస్తాను. రైటరు రాస్తే ఇంకా మంచిది, ఆయనకు భాష కూడా వచ్చు.

దొరగారే రాస్తానంటే మాత్రం చిన్న మనవి. ఆవిష్కరణ విజయవాడ ఏసీ హాల్లో వద్దు, జుజ్జూరు సెంటర్లో పెట్టండి. పేకాట కేసుల్లో బెంచీ ఎక్కినవాళ్లనూ, ఎఫ్ఐఆర్ కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లనూ, మధ్యవర్తులుగా సంతకాలు చేసి కోర్టులో "నాకేం గుర్తులేదండీ" అన్న పాత వీఆర్వోలనూ, మేకతల్లి యజమానినీ పిలవండి. మీరే మైకు పట్టుకుని, మీకు బాగా నవ్వొచ్చిన అధ్యాయం చదవండి. ముందు వరసలో డీఎస్పీగారిని మాత్రం కూర్చోబెట్టకండి. ఆ రోజుకు హోంగార్డులకు సెలవిచ్చి పంపించండి.